బతికున్నట్టు కాగితం

డిసెంబరు 23 సింగరేణి పుట్టినరోజు. 1920లో ఆ రోజునే సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. ఏటా ఆ సాయంత్రం గనుల ఊళ్లన్నిటా సంబరమే. గోదావరిఖనిలో స్టాళ్లు, స్టేజీ మీద పాటలు, ఉత్తమ కార్మికులకు శాలువాలు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి, బండి మీద పిల్లల్ని ముందొకరిని వెనకొకరిని కూర్చోబెట్టుకుని వచ్చే కుటుంబాలు. ఆ రాత్రే ఇంకోపక్క చర్చిల నుంచి క్యారల్స్ బృందాలు బయల్దేరతాయి. ట్రాలీ ఆటో, డోలక్, వెదురు కర్రకు కట్టిన కాగితపు నక్షత్రం, దూది గడ్డం జారిపోతున్న క్రిస్మస్ తాత.

ఈ రెండు సందళ్లకూ మధ్య, బస్టాండు వైపు, షట్టరు దించేసిన ఓ దుకాణం అరుగు మీద డెబ్బై అయిదు దాటిన మనిషి ఒకాయన ముడుచుకుని పడుకున్నాడు.

ఈ గాథలో ఆయనకు పేరు పెట్టలేదు. పెట్టడానికి ఆయన ఒక్కడు కాదు. గనుల ఊళ్లలో ముసలితనాన గూడు పోగొట్టుకునే వాళ్ల బతుకుల్లో కనిపించే మలుపులను ఒకచోట చేర్చి అల్లిన మనిషి ఆయన. ఆయన మాటలు, ఆయన్ని కలిసిన పిల్లలు, వాళ్ల క్రిస్మస్ కల్పితం. కంపెనీ, ఆఫీసులు, చట్టాలు, అంకెలు కల్పితం కావు.

క్యారల్స్ బృందం అరుగు ముందు ఆటో ఆపింది. ఏడెనిమిది మంది పిల్లలు. ఒకడు కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఇద్దరు డిగ్రీ. ఒకమ్మాయి చౌరస్తా దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. పాన్ కార్డులు, కరెంటు బిల్లులు, పరీక్ష ఫీజులు ఆమె పని.

“తాతా, ఓ తాతా. లేస్తవా? దుప్పటి తెచ్చినం.”

ఆయన లేవలేదు. పడుకునే అన్నాడు. “ఆడ పెట్టుర్రి. ఇది నాలుగోది.”

పిల్లలకు అర్థం కాలేదు. ఆయన లేచి కూర్చుని, తల కింది మూట చూపించాడు. “వారం సంది గిదే కత. ఒకలు పొద్దుగాల ఇచ్చిపోతరు, ఒకలు రాత్రి ఇచ్చిపోతరు. ఫొటో తీసుకుంటరు. దుకాణమాయన షట్టర్ లేపకముందే అరుగు ఖాళీ చెయ్యాలె. నాలుగు దుప్పట్లు నెత్తిన పెట్టుకొని ఏడ తిరుగుదు బిడ్డా?”

“కేకన్న తిను తాతా.”

“కేకులు తిని తిని మొఖం మొత్తింది. నాకు షుగరున్నది.”

డిసెంబరు చివరి పది రోజుల్లో మన పట్నాల్లో దుప్పట్లకు కరువుండదు. చర్చిలు ఇస్తాయి, క్లబ్బులు ఇస్తాయి, పుట్టినరోజు జరుపుకునే నాయకులు ఇస్తారు. జనవరి ఒకటి దాటగానే అందరూ ఒక్కసారే ఆపేస్తారు. ఉత్తర తెలంగాణలో చలి మాత్రం సంక్రాంతి దాకా కదలదు. ఇచ్చేవాళ్ల క్యాలెండర్ వేరు, అరుగు మీద పడుకునేవాళ్ల క్యాలెండర్ వేరు.

కాంట్రాక్టు పిల్లగాడికి పౌరుషం వచ్చింది. దుప్పట్లు వద్దంటే మంటన్నా పెడదామని ఎక్కడినుంచో తుప్పు బకెట్టులో బొగ్గు రాజేసి తెచ్చాడు. గోదావరిఖనిలో బొగ్గుకేం కొదవ? గాలి తగలకుండా ఆటో మీది తాడిపత్రి తీసి అరుగుకు మూడువైపులా కట్టబోయాడు.

అప్పుడు లేచాడు ముసలాయన. లేచిన వేగం చూసి పిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు. బకెట్టును కాలితో రోడ్డు మీదికి నెట్టాడు.

“పరదా గట్టి లోపట బొగ్గు పెడ్తవా? గ్యాస్ కొడ్తదిరా! వాసన రాదు, కండ్లకు కనబడది. నిద్రల్నే పోతరు. బొగ్గుబాయిల ఊర్ల పుట్టి గింత కూడ తెల్వదా?”

కార్బన్ మోనాక్సైడ్ అన్న మాట ఆయన అనలేదు. దాని సంగతి మాత్రం అక్కడున్న డిగ్రీ పిల్లలకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. గనిలో నిప్పు రాజుకున్నప్పుడు, పేలుడు జరిగినప్పుడు మిగిలే గాలిలో మనిషిని చప్పుడు లేకుండా చంపేది అదే. ఒకప్పుడు రెస్క్యూ వాళ్లు పంజరంలో చిన్న పిట్టను పట్టుకుని దిగింది అందుకే. మనిషికి తెలిసేలోపు పిట్ట తూలి పడిపోతుంది.

“తాతా, నువ్వు బాయిల పని చేసినవా?” అని ఆన్‌లైన్ అమ్మాయి అడిగింది.

అంతవరకు ఆయన్ని దుప్పటి పుచ్చుకునే మనిషిగానే చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన కోల్ ఫిల్లరు. తట్ట, చెమ్మాస్ అనే పార పట్టి బొగ్గును టబ్బుల్లోకి ఎత్తినవాడు. మంథని వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చాడు. అప్పట్లో చదువుతో పని లేదు. ఒళ్లు గట్టిగా ఉంటే చాలు, బాయి తీసుకునేది. టబ్బుల కొక్కెం తగిలించేటప్పుడు కుడి చూపుడువేలు కొస తెగిపోయింది. మిగిలిన వేళ్ల గీతలు కూడా పారకే అరిగిపోయాయి. 1990ల మొదట్లో లక్షా పదహారు వేల మంది ఉన్న కంపెనీ ఇది. తట్టా చెమ్మాస్ స్థానంలో యంత్రాలు దిగాయి, భూగర్భ గనుల పక్కన ఓపెన్ కాస్టులు లేచాయి, గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరుతో ముందస్తు విరమణ వచ్చింది. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. వెళ్లిపోయిన వేలమందిలో ఈయనొకడు.

పదవీ విరమణ అంటే సింగరేణిలో ఒకటి కాదు, రెండు పోతాయి. కొలువుతో పాటు క్వార్టరూ పోతుంది. తాళంచెవి అప్పగిస్తేగానీ లెక్కలు తేలవు. చేతికొచ్చిన డబ్బు ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లకు, కొడుకు గల్ఫ్ వీసాకు సరిపోయింది. కిరాయి ఇంట్లో ఉండగానే భార్య పోయింది. కొడుకు దుబాయిలో అప్పులపాలై ఫోన్ ఎత్తడం మానేశాడు. కోడలు పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి వెళ్లిపోయింది. మంచిర్యాలలో బిడ్డ ఉంది. గోదావరి వంతెన దాటితే చాలు. ఆయన దాటడు.

“అల్లుని ఇంట్ల ఎన్నొద్దులు కూసుంట? రెండొద్దులు మర్యాద. మూడో పొద్దు నా బిడ్డ మీదికి మాట వస్తది.”

తర్వాత కొన్నాళ్లు ఓ కట్టుబడి దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. సిమెంటు బస్తాల పక్కనే పడక. బిల్డింగు పూర్తయింది. గృహప్రవేశం రోజున ఆయనకు కొత్త ధోవతి పెట్టారు. ఆ సాయంత్రం నుంచి పనీ లేదు, పడకా లేదు.

“మరి పింఛన్ రాదా?”

“వచ్చేది. బందయింది.”

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన సంగతి ఉంది. బొగ్గు గని కార్మికుల పింఛను 1998 నాటి పథకం. మనిషి రిటైరైనప్పటి జీతాన్ని బట్టి ఒకసారి లెక్క కట్టారంటే అంతే. ధరలు పెరిగినా అది పెరగదు. అందుకే తొలి ఏళ్లలో దిగిపోయిన వాళ్లలో వెయ్యి రూపాయల లోపు అందుకునే వాళ్లు మొన్నమొన్నటి దాకా ఎంతోమంది. తెలంగాణ ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య ఆసరా పింఛను 2,016 రూపాయలు. ‘నీకు కంపెనీ పింఛనుంది’ అని ఆసరాకు వీళ్లను అనర్హులంటారు. నేల కింద పాతికేళ్లు బొగ్గెత్తిన మనిషికి, ఏ కొలువూ చెయ్యని పక్కింటాయన కన్నా తక్కువ వస్తుంది. గోదావరిఖనిలో ఏ చాయ్ బండి దగ్గర నలుగురు రిటైర్డ్ కార్మికులు చేరినా తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తారు.

ఆ కాస్త పింఛనైనా రావాలంటే ఏటా నవంబరులో ‘నేను బతికే ఉన్నాను’ అని రుజువు చూపాలి. లైఫ్ సర్టిఫికెట్. కిందటేడు నవంబరులో ఈయన జ్వరంతో మంచాన పడ్డాడు. లేచాక మిషన్ మీద వేలు పెడితే గీతలు పడలేదు. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లే నాటికి గడువు దాటింది. తర్వాత ఈయనే మానేశాడు. కాగితం లేదు గనుక లెక్కల ప్రకారం మనిషి లేడు.

“నాకు దుప్పటొద్దు. నేను చావలేదని ఎవలన్న రాసిస్తరా?” అన్నాడు.

ఆన్‌లైన్ అమ్మాయి నవ్వింది. నవంబరంతా ఆమె చేసేది ఆ పనే. “తాతా, రేపు పొద్దుగాల పదింటికి నా దుకాణంకాడికి రా.”

ఆయన ఆమె మెడలోని సిలువ వంక చూశాడు. “ముందే చెప్తున్న. నేను ఓదెల మల్లన్న బిడ్డను. మతం మారుమంటే రాను.”

“ఎవలు మారుమన్నరు తాతా? ఆధార్ తీసుకొని రా.”

24వ తేదీ పొద్దున ఆయన తొమ్మిదింటికే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ప్లాస్టిక్ కవరులో బ్యాంకు పాసుబుక్కు, పింఛను ఆర్డరు నకలు, భార్య ఫొటో, ఆధార్ జిరాక్సు. జిరాక్సు మడతల దగ్గర చిరిగింది. పన్నెండంకెల్లో పదకొండే కనిపిస్తున్నాయి. ఆఖరిది చినుగులో పోయింది. అప్పుడెప్పుడో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేదు.

ఈ అమ్మాయికి పనిలో నేర్చుకున్న ఓ కిటుకు ఉంది. ఆధార్‌లో ఆఖరి అంకె ఊరికే పెట్టింది కాదు. ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్క కట్టి తీసింది. పదకొండూ తెలిస్తే పన్నెండోది ఒకటే కుదురుతుంది, మిగతా తొమ్మిదీ చెల్లవు. సున్నా కొట్టింది, చెల్లదంది. ఒకటి కొట్టింది, చెల్లదంది. ఆయన పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆరు కొట్టగానే సైటు ఒప్పుకుంది.

వేలిముద్ర ఈసారీ పడలేదు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, కొబ్బరినూనె రాసి తుడిచి మళ్లీ. లాభం లేదు. అయితే 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా లైఫ్ సర్టిఫికెట్ తీసుకునే వీలు వచ్చింది. మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. అమ్మాయి తన ఫోన్ ఆయన ముఖానికి ఎదురుగా పట్టింది.

“రెప్ప కొట్టు తాతా.”

ఆయన రెప్ప కొట్టలేదు. ఫొటో అనుకున్నాడు. ఫొటోకు కళ్లు పెద్దవి చేసి కదలకుండా నిలబడాలని ఆయన లెక్క.

“ఫొటో కాదు తాతా, రెప్ప కొట్టు!”

కొట్టాడు. ఒకసారి కాదు, గబగబా అయిదారు సార్లు. అప్పటికే తెర చుట్టూ గీత ఆకుపచ్చగా మారింది. సర్టిఫికెట్ తయారైనట్టు ప్రమాణ్ నంబరు వచ్చింది. అమ్మాయి ఒక కాపీ ప్రింటు తీసి చేతికిచ్చింది. ఆయన చదవలేడు. కాగితం అటూఇటూ తిప్పి చూసి, “గింతేనా?” అన్నాడు. ఏడాదిపాటు మనిషిని లేనివాణ్ని చేసిన పని నాలుగు నిమిషాల్లో తేలిపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె చర్చికి ఆలస్యంగా వెళ్లింది. ఆ నెలలో సెమీ క్రిస్మస్ కూడికలో అయ్యగారు చెప్పిన ప్రసంగం ఆమె మనసులో ఉంది. లూకా సువార్త ప్రకారం యోసేపు నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని బేత్లెహేముకు వెళ్లింది విహారానికి కాదు. జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికి. సర్కారు లెక్కలో ఎక్కాల్సి వచ్చి దారిన పడ్డారు, ఊళ్లో దిగడానికి చోటు దొరకలేదు. పశువుల తొట్టి కథను ఏటా నాటకం వేస్తాం గానీ, వాళ్లను దారిన పడేసిన ఆ రిజిస్టర్ గురించి ఎవరమూ ఆలోచించం.

మన జనగణన కూడా ఇల్లులేని వాళ్లను లెక్కిస్తుంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు రైల్వే ప్లాట్‌ఫారాలు, వంతెనల కింది చోట్లు, గుడి మెట్లు తిరిగారు. దేశంలో 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు. సగానికి మించి పట్టణాల్లోనే. ఒక్క రాత్రిలో దుకాణం అరుగులన్నీ చూడటం సాధ్యమా అని అడిగితే ఎవరూ అవుననరు. ఆ అంకెను కనీసం ఇంతమంది అని చదువుకోవాలి.

ఇల్లులేని వాళ్లకు నీడ దొరకనిది నియమాలు లేక కాదు. 2009 డిసెంబరు 22న, క్రిస్మస్ మూడు రోజులుందనగా, ఢిల్లీ పూసా రోడ్డు కూడలిలో ఇల్లులేని వాళ్ల తాత్కాలిక రాత్రి బసను అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ కూల్చేసింది. ఎముకలు కొరికే చలి. మరణాల వార్తలు వచ్చాయి. 2010 జనవరిలో ఆ సంగతి సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. అప్పటికే నడుస్తున్న ఆహార హక్కు కేసులోనే, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకొక ఆశ్రయ కేంద్రం ఉండాలని, అది ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని కోర్టు చెప్పింది. తర్వాత వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మనిషికి కనీసం 50 చదరపు అడుగులని కొలత కూడా పెట్టింది. తెలంగాణలో ఆ పని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాది. ఓటరు జాబితాకైతే ఇంకా ఆసక్తికరమైన నియమం ఉంది. ఇల్లు లేనివాడు చిరునామా రుజువు చూపనక్కర్లేదు. బూత్ లెవెల్ ఆఫీసరు ఒకటికి రెండుసార్లు రాత్రిపూట వచ్చి, చెప్పిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నాడో లేదో చూసి పేరు రాసుకోవాలి. అరుగు కూడా చిరునామాయే. ఆ సంగతి అరుగు మీద పడుకునే వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

సరే, 24 రాత్రికి పెద్దాయన ఎక్కడ పడుకోవాలి? మందిరం వెనక కుర్చీలు, మైకుసెట్టు పెట్టుకునే గది ఉంది. అక్కడ ఉంచుదామని పిల్లలంటే సంఘ పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. “ఇయ్యాల ఒకల్ని ఉంచితే రేపు పదిమంది వస్తరు. ఆయన మన సంఘం మనిషి కూడ కాదు.” ఆయన చెడ్డవాడేం కాదు. మైకుసెట్టు కిందటేడు పోయింది, చందాలెత్తి కొన్నది. అయ్యగారు మధ్యలో మాట పెగలక నిలబడ్డారు.

తేల్చింది వంట దగ్గరున్న పెద్దమ్మ. పొద్దుటి విందుకు డేగిసాలు కడుగుతూ అంది. “మేము రాత్రంత పొయ్యి కాడనే ఉంటం. మసాల, బియ్యం, నూనె డబ్బలు అన్నీ బయటనే. కావలికి మొగమనిషి ఒక్కడు లేడు. ఆయన్ని పంపుర్రి. మస్టర్ ఏస్త.”

మస్టర్, అంటే పనికి హాజరు, అన్నమాట వినగానే పెద్దాయన ముఖం మారింది. ఆ రాత్రి ఆయన పడుకోలేదు. కర్ర పట్టుకుని డేగిసాల చుట్టూ తిరిగాడు. కట్టెలు తడిగా ఉన్నాయని వంటవాళ్లను తిట్టాడు. పన్నెండింటికి గంటలు మోగితే ‘మూడో షిఫ్టు’ అన్నాడు. తెల్లారి తెల్లబట్టల్లో జనం వచ్చేసరికి ఒక పళ్లెంలో అన్నం పెట్టించుకుని, గోడ పక్కన కాదు, వంటవాళ్ల వరసలో కూర్చుని తిన్నాడు. కూలి అడిగి మరీ తీసుకున్నాడు.

తెలంగాణలో క్రిస్మస్ మర్నాడు కూడా రాష్ట్ర ప్రభుత్వానికి సెలవే. గోదావరిఖనిలోని కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసు కేంద్రానిది గనుక 26న తెరిచే ఉంది. ఏడాదిగా ఆగిన పింఛను కదా అని ఒక దరఖాస్తు రాసి, ప్రమాణ్ కాపీ జతచేసి ఇచ్చారు. సంక్రాంతి దాటాక బకాయితో సహా ఖాతాలో పడింది. పది వేలు దాటింది.

ఇక్కడితో కథ సుఖాంతమని ముగిస్తే నెలకొచ్చే వెయ్యి లోపు డబ్బుతో గోదావరిఖనిలో గది దొరుకుతుందని నమ్మించినట్టు అవుతుంది. దొరకదు. పిల్లలు 14567కు ఫోన్ చేశారు. వృద్ధుల కోసం దేశమంతటా ఉన్న హెల్ప్‌లైన్ అది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవోకు అర్జీ పెడితే కొడుకు నుంచి నెలకు పది వేల దాకా పోషణ ఇప్పించే వీలుందని చెప్పారు. పెద్దాయన ఫోన్ పక్కన పెట్టేశాడు.

“వాడే అప్పుల మునిగి ఎడారిల పడ్డడు. వాని మీద కేసు పెట్టి నేనేం తింట?”

చివరికి కుదిరింది అరకొర ఏర్పాటే. తనలాగే ఒంటరిగా ఉన్న మరో రిటైర్డ్ కార్మికుడి రేకుల గదిలో సగం కిరాయికి చేరాడు. ఆ కిరాయిలో కొంత బకాయి డబ్బు నుంచి, మిగతాది ఓ టైర్ల దుకాణం దగ్గర రాత్రి కావలి నుంచి. మోకాళ్లు మొరాయించిన రోజు ఏమవుతుందో ఆయనకు తెలుసు, పిల్లలకూ తెలుసు. మంచిర్యాల బిడ్డ వారానికోసారి వచ్చి బట్టలు ఉతికి పోతుంది. అల్లుడు కూడా ఒకసారి వచ్చాడు, బయటే నిలబడి.

మరుసటి ఏడు క్యారల్స్ కమిటీ కూర్చున్నప్పుడు ఆన్‌లైన్ అమ్మాయి ఒక ప్రతిపాదన పెట్టింది. దుప్పట్ల డబ్బులో సగం నవంబరుకు తిప్పుదాం. రెండు ఫోన్లు, ఒక ప్రింటర్, ఒక టేబుల్. బస్టాండులో, స్టేషన్ బయట, గుడి మెట్ల దగ్గర వారం రోజులు కూర్చుందాం. సంఘ పెద్దకు నచ్చలేదు. “నవంబర్ల క్రిస్మస్ ఏందమ్మా?” ఏటా పెద్ద చందా ఇచ్చే షావుకారుకు అసలే నచ్చలేదు. దుప్పటి పంచితే ఫొటో వస్తుంది, పేపర్లో పడుతుంది. ముసలాయన ఫోన్లోకి చూసి రెప్ప కొడితే అందులో తానెక్కడుంటాడు? ఆయన చందా సగానికి తగ్గించాడు. టేబుల్ మాత్రం పడింది.

ఆ టేబుల్ పక్కన పెద్దాయన రోజూ వచ్చి కుర్చీ వేసుకుంటున్నాడు. పిలిచినవాళ్లెవరూ లేరు. వరసలో నిలబడ్డ ముసలివాళ్లను ఒక్కొక్కరినే ముందుకు తోసి, “కండ్లు పెద్దగ చెయ్యకు, ఫొటో కాదది, రెప్ప కొట్టు, రెప్ప కొట్టు” అని కసురుతున్నాడు. పనయిన ప్రతివాడి దగ్గరా ఒక చాయ్ తాగుతున్నాడు, చక్కెర లేకుండా.